పిలువని వైద్యుడు: ఫోనులకు వచ్చు మోసపు సందేశములను గూర్చి ఒక హెచ్చరిక

రోగము లేనివాని ఇంటికి ఒక వైద్యుడు తనంతట తాను వచ్చి, “నీకు ప్రాణాపాయముగా నున్నది. ఇప్పుడే మందు పుచ్చుకొనుము. ఇంటి తాళపుచెవులు నా చేతికిమ్ము” అని చెప్పినచో మనలో ఎవ్వరును నమ్మరు. “అయ్యా, నిన్నెవరు పిలిచిరి?” అని ముందుగా అడుగుదుము. కాని ఆ మాటయే చేతిలోని ఫోను మీద అక్షరరూపమున వచ్చినప్పుడు, చదువుకొన్నవారు సైతము ఆ ప్రశ్న నడుగుట మరచుచున్నారు. ఆ ప్రశ్నను మరల జ్ఞాపకము చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కంప్యూటరు, ఫోను, ఇంటర్నెట్టు బాగుచేయువారమని చెప్పుకొనుచు సందేశములు పంపి ధనము హరించు ముఠాలు బ్రిటనులో చాలాకాలముగా పనిచేయుచున్నవి. “బ్రిటనులోని సంగతి మనకేల?” అని మారిషస్‌లోని పాఠకులు అనుకొనరాదు. 1960, 1970 దశకములలో మన ద్వీపమునుండి ఎందరో యువతీయువకులు నర్సులుగా శిక్షణ పొందుటకై బ్రిటను వెడలిరి. వారిలో అనేకులు నేడు ఉద్యోగవిరమణ చేసి, బిడ్డలు వేరు ఊళ్ళలో కాపురముండగా, ఒంటరిగా కాలము గడపుచున్నారు. చదువులకై వెళ్ళిన మన మనుమలు, మనుమరాండ్రు వేరు. అక్కడి కుటుంబమునకు కలిగిన నష్టము ఇక్కడి కుటుంబమునకును నష్టమే. ఈనాడు లండనులో పనికివచ్చిన మోసము రేపు పోర్టు లూయీలో పనికిరాదని ఎవ్వరును హామీ ఈయలేరు.

సందేశము ఎట్లుండును?

ఈ సందేశములు పెక్కు వేషములలో వచ్చును. ఒకటి ఇట్లుండును: “మీ ఫోనులో వైరసు కనబడినది. 24 గంటలలో ఈ లింకు నొక్కనిచో మీ ఫోటోలన్నియు చెరిపివేయబడును.” మరియొకటి: “మీ ఖాతాలోనికి అపరిచితుడు ప్రవేశించినాడు. అది మీరు కానిచో ఈ నంబరునకు వెంటనే ఫోను చేయుడు.” ఇంకొకటి మరింత గడుసుది: “వైరసు రక్షణకై మీ వార్షిక చందా 299 పౌనులు నేడు మీ బ్యాంకు ఖాతానుండి తీసికొనబడును. వలదనుకొన్నచో ఈ నంబరునకు ఫోను చేయుడు.” మొదటి రెండును భయపెట్టును. మూడవది తగవు పెట్టుకొనుటకు మనలను పిలుచును. “నేనేమియు కొనలేదే, వీనికి బుద్ధి చెప్పెదను” అని కోపముతో ఫోను చేసినవాడును ఆ వలలోనే పడును.

వేషములు వేరైనను లోపలి అవయవములు మూడే: ఒక భయము, ఒక గడువు, ఒక దారి. భయము మన ఆలోచనను చెదరగొట్టును. గడువు ఇతరులను సంప్రదించు అవకాశమును తీసివేయును. ఇక దారి యనగా ఆ సందేశములోనే యుండు లింకు గాని ఫోను నంబరు గాని. అది తిన్నగా మోసగాని ఇంటికి పోవును.

పేరు చూచి నమ్మరాదు

“సందేశము మీద కంపెనీ పేరే యున్నది గదా! బ్యాంకు పంపిన పాత సందేశముల క్రిందనే ఇదియు వచ్చినది గదా!” అని కొందరందురు. ఇందు ఒక సాంకేతిక విషయము తెలిసికొనవలెను. ఫోను మీద కనబడు పంపినవాని పేరు ఉత్తరము మీద వ్రాసిన చిరునామా వంటిది. ఎవడైనను ఏ పేరైనను వ్రాయవచ్చును. ఒకే పేరుతో వచ్చిన సందేశములను ఫోను ఒకేచోట పేర్చును. అందుచేత దొంగ ఉత్తరము నిజమైన ఉత్తరముల కట్టలో చేరి కూర్చుండును.

నోటిమాటగా వచ్చు ఫోనులును ఇట్టివే. బ్యాంకుల నంబర్లు తెర మీద కనబడునట్లు చేసి మోసగాండ్రకు అద్దెకిచ్చిన ఐస్పూఫ్ అను వ్యాపారమును లండను మెట్రోపాలిటన్ పోలీసులు 2022 నవంబరులో మూయించిరి. దానిని నడపినవానికి 2023 మే నెలలో 13 సంవత్సరముల 4 మాసముల కారాగారశిక్ష పడినది. ఆ సందర్భమున ఒక విచిత్రము జరిగినది. మోసపోయి యుండవచ్చునని తోచిన సుమారు 70,000 నంబర్లకు పోలీసులే సందేశములు పంపవలసివచ్చినది. ఆ సందేశములను అనుకరించి దొంగలు మరల మోసగింతురను శంకతో, తాము పంపునది నవంబరు 24, 25 తేదీలలో మాత్రమేయనియు, తరువాత వచ్చువానిని నమ్మవలదనియు ముందుగానే ప్రకటించిరి. రక్షకభటుల మాటకే ఇట్టి కాపుదల కావలసివచ్చినప్పుడు, పేరు చూచి నమ్ముట ఎంత ప్రమాదమో ఊహించుకొనవచ్చును.

2025 మార్చిలో ఇంకొక పద్ధతి బయటపడినది. ఒక విద్యార్థి కారులో ఒక యంత్రము నుంచుకొని లండను వీధులలో తిరుగుచు, చుట్టుప్రక్కల ఫోనులన్నింటికిని ప్రభుత్వ సంస్థల పేర సందేశములు పంపినాడు. ఆ యంత్రము దొంగ టెలిఫోను స్తంభము వంటిది. ఫోనులను తనవైపు లాగికొని, కంపెనీల జల్లెడలను తప్పించుకొని సందేశమును దింపును. అతనికి ఆ సంవత్సరము జూనులో ఒక సంవత్సరమునకు మించిన శిక్ష విధింపబడినది. కనుక “మా ఫోను కంపెనీ చెడ్డ సందేశములను ఆపును” అను ధైర్యముతో నిదురపోరాదు. ఇట్టి యంత్రములు పాతదియైన 2జి పద్ధతి మీద ఆధారపడును. కొన్ని ఆండ్రాయిడ్ ఫోనులలో 2జి ని ఆపివేయు ఏర్పాటు కలదు. ఇంటిలోని పిల్లలచేత దానిని ఆపించుకొనుట మంచిది.

గడప దాటిన తరువాత

ఫోను చేసినచో ఏమి జరుగునో ఒక ఉదాహరణముగా చెప్పుకొందము. లెస్టరు నగరమున ఒక వృద్ధురాలు ఒంటరిగా నున్నదనుకొందము. నలుబది సంవత్సరములు ఆసుపత్రిలో పనిచేసి, పింఛను పుచ్చుకొనుచున్నది. తెలివితక్కువది కాదు. ఆమెకు పైన చెప్పిన చందా సందేశము వచ్చినది. నంబరునకు ఫోను చేయగా, అవతల ఒక మర్యాదస్తుడు “మేడమ్, మీరు ఎంతమాత్రమును కంగారు పడవలదు. నేను మీ సొమ్ము వాపసు ఇప్పించెదను” అనును.

తరువాత అతడు కంప్యూటరులో ఒక ప్రోగ్రామును దింపుకొమ్మని చెప్పును. ఎనీడెస్క్, టీమ్ వ్యూయర్ వంటివి దూరముననున్న యంత్రమును నడుపుటకై కంపెనీలు న్యాయముగా వాడుకొను సాధనములే. కాని కత్తి కూరలు తరుగును, గొంతును కోయును. దానిని తెరచిన క్షణమునుండి ఆమె తెర అతని తెర, ఆమె మౌసు అతని మౌసు.

అప్పుడతడు విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అను పట్టికను తెరచి, అందలి ఎఱ్ఱ గుర్తులను చూపి “ఇవన్నియు దొంగలు పడిన జాడలు” అనును. నిజమునకు అవి కంప్యూటరు తన చిన్నచిన్న పొరపాటులను తానే వ్రాసికొను దినచర్య. ఆరోగ్యముగా నున్న కంప్యూటరులో సైతము అవి యుండును.

చివరి అంకము మిక్కిలి క్రూరమైనది. “299 పౌనులు వాపసు పంపుచున్నాను” అని చెప్పి, ఆమె బ్యాంకు పుటను తెరపించి, తెరను ఒక నిమిషము నల్లబరచును. తెర తిరిగి వెలుగగనే ఖాతాలో 2,990 పౌనులు చేరినట్లు కనబడును. అతడు ఏడ్చును. “అమ్మా, పొరపాటున ఒక సున్న ఎక్కువ కొట్టితిని. నా ఉద్యోగము పోవును. నాకు చిన్న పిల్లలు కలరు. మిగిలిన 2,691 పౌనులు తిరిగి పంపుడు” అని వేడుకొనును. నిజమునకు ఎవ్వరును ఒక పెన్నీ కూడ వేయలేదు. ఆమె పొదుపు ఖాతాలోని సొమ్మునే ఈ ఖాతాకు మార్చినాడు, లేదా తెర మీది అంకెలను దిద్దినాడు. ఆమె దయతలచి తన సొమ్మునే అతనికి పంపును. ఆమె ఓడిపోయినది ఆశవలన కాదు. పరుని కష్టము చూడలేని మంచితనము వలన ఓడిపోయినది. ఈ సంగతిని మనము జ్ఞాపకముంచుకొనవలెను. మోసపోయిన పెద్దలను “ఇంత తెలివిలేదా?” అని కసరువారు దీనిని గ్రహింపరు.

వీరెవరు?

ఇక చెప్పుటకు కొంచెము బాధ కలిగించు విషయము కలదు. ఈ ముఠాలలో పెక్కు మన పూర్వుల దేశమునుండియే పనిచేయుచున్నవి. 2025 జూలైలో భారతదేశపు సి.బి.ఐ. అధికారులు, బ్రిటనుకు చెందిన నేషనల్ క్రైమ్ ఏజెన్సీ, అమెరికా ఎఫ్.బి.ఐ., మైక్రోసాఫ్ట్ సంస్థల సహకారముతో ఢిల్లీ సమీపమందలి నోయిడాలో ఒక కాల్ సెంటరును పట్టుకొనిరి. అక్కడివారు మైక్రోసాఫ్ట్ మరమ్మతుదారులమని నటించుచు, బ్రిటనులో నూరుమందికి పైగా ప్రజలనుండి 3,90,000 పౌనులకు మించి అపహరించిరని బ్రిటిషు అధికారులు తెలిపిరి. అంతకుముందు 2024 సెప్టెంబరులో సి.బి.ఐ. వారు పూనా, హైదరాబాదు, విశాఖపట్టణములలోని ఇట్టి కేంద్రములపై దాడిచేసి 26 మందిని నిర్బంధించిరి. ఆ కేంద్రముల గుఱి ముఖ్యముగా అమెరికా ప్రజల మీద నుండెను.

విశాఖపట్టణమనగనే మన మనస్సు చివుక్కుమనును. మన ముత్తాతలు ఆ తీరప్రాంతమునుండియే ఓడలెక్కి చెఱకు తోటలకు వచ్చిరి. మారిషస్‌లో రాళ్ళు తిరగవేసినచో బంగారము దొరకునని చెప్పి కూలీలను ఓడలెక్కించిరను కథ మన ఇండ్లలో నేటికిని చెప్పుకొనుచున్నారు. ఆనాటి మేస్త్రీ మన భాషలోనే మాట్లాడెను, మన కష్టమెరిగినవానివలె మాట్లాడెను. నేటి మోసగాడును అట్లే. మన వారి యాసతో, మన వారి మర్యాదతో మాట్లాడినంత మాత్రమున ఎవడును మనవాడు కాడు. అట్లని ఫోనులో భారతీయుని కంఠము వినబడినంతనే దొంగయని తలంచుటయు న్యాయము కాదు. పరీక్షింపవలసినది కంఠమును కాదు, అతడు మనలను నడుపుచున్న దారిని.

గుర్తించు విధము

కొన్ని సంగతులు స్థిరముగా తెలిసినచో సగము భయము తొలగును.

మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికలలో ఎన్నడును ఫోను నంబరు నీయదు. “మీ కంప్యూటరు చెడినది, బాగుచేసెదము” అని మనము కోరకుండ ఫోను చేయదు. నంబరుతో కూడిన హెచ్చరిక తెర మీద కనబడెనా, అది దొంగదని నిశ్చయింపవచ్చును.

సహాయము చేయుదుమని చెప్పుచు ఆపిల్ సంస్థవారు మీ పాస్‌వర్డు గాని, ఫోను తెరచు అంకెలు గాని, సందేశముగా వచ్చు రహస్య సంఖ్యను గాని అడుగరు. ఆ సంఖ్య ఇంటి తాళపుచెవి. ఏ సంస్థ పేరు చెప్పినను, ఫోనులో దాని నడుగువాడు దొంగయే.

మరమ్మతు సొమ్మును గిఫ్టు కార్డుల రూపమున గాని, క్రిప్టో నాణెముల రూపమున గాని చెల్లింపుమను న్యాయమైన సంస్థ ఈ లోకమున లేదు.

“ఈ మాట బ్యాంకువారికి చెప్పవలదు, మీ పిల్లలకు చెప్పవలదు” అన్నవాడు తన దొంగతనమును తానే ఒప్పుకొన్నవాడు.

సందేశము వచ్చినంత మాత్రమున సాధారణముగా హాని కలుగదు. లింకు నొక్కి, అది చెప్పిన ప్రోగ్రామును దింపుకొన్నప్పుడు, లేదా అచ్చట వివరములు వ్రాసినప్పుడు హాని కలుగును. 2021 వసంతకాలమున బ్రిటనులో ఫ్లూబాట్ అను దుష్టప్రోగ్రాము ఇట్లే వ్యాపించినది. “మీ పార్సెలు వచ్చినది” అను సందేశములోని లింకును నమ్మి దానిని దింపుకొన్నవారి ఆండ్రాయిడ్ ఫోనులనుండి బ్యాంకు వివరములను దొంగిలించుటయే గాక, ఆ ఫోనులనుండియే ఇతరులకును అట్టి సందేశములను పంపినది. 2022 లో డచ్చి పోలీసులు దానిని అణచిరి. కావున స్నేహితుని నంబరునుండి వచ్చినను లింకు లింకే.

ఒకే సూత్రము

ఇన్ని గుర్తులను జ్ఞాపకముంచుకొనలేనివారు ఒక్క సూత్రమును పట్టుకొన్నను చాలును: సందేశము చూపిన దారిన పోరాదు, మనకు ముందే తెలిసిన దారిన పోవలెను. బ్యాంకును గూర్చి అనుమానము కలిగినచో, కార్డు వెనుక అచ్చువేసిన నంబరునకు ఫోను చేయవలెను. ఖాతాను గూర్చి అనుమానము కలిగినచో, లింకును ముట్టక, ఎప్పటివలె మనమే ఆ సంస్థ పుటను తెరచి చూచుకొనవలెను. సందేశము నిజమైనదైనచో ఆ సంగతి అక్కడను కనబడును. ఒక గంట ఆలస్యమువలన నిజమైన కంపెనీ కోపింపదు. ఆలస్యమునకు భయపడువాడు దొంగ యొక్కడే.

బ్రిటనులో నున్నవారికి కొన్ని నంబర్లు కంఠస్థముగా నుండవలెను. అనుమానపు సందేశమును 7726 అను నంబరునకు ఉచితముగా పంపవచ్చును. పాత ఫోను మీటలపై స్పామ్ అను ఆంగ్లపదపు అక్షరములు ఆ అంకెల మీదనే యుండును. పంపినచో ఫోను కంపెనీలు విచారించి ఆ మూలమును అడ్డగించుటకు వీలగును. మరియొకటి 159. 2021 లో నెలకొల్పబడిన ఈ నంబరునకు ఫోను చేసినచో, ముఖ్యమైన బ్యాంకులలో మీ బ్యాంకు ఏదో దానికి క్షేమముగా కలుపుదురు. 159 నుండి మనకు ఎన్నడును ఫోను రాదు. వచ్చినచో అది దొంగ ఫోనే.

అప్పటికే చేయి జారినచో

పొరపాటు జరిగినదని తెలిసిన క్షణమున సిగ్గుపడుచు కూర్చుండరాదు. నిమిషములు విలువైనవి. మొదట కంప్యూటరును ఇంటర్నెట్టునుండి విడదీసి ఆపివేయవలెను. పిమ్మట బ్యాంకునకు ఫోను చేయవలెను. తరువాత వేరొక యంత్రమునుండి పాస్‌వర్డులను మార్చవలెను. ముందుగా ఈమెయిలుది, ఏలనగా మిగిలిన వానికన్నింటికిని దారి అదియే. ఆ దూరపు ప్రోగ్రామును తీసివేయించి, నమ్మదగినవానిచేత కంప్యూటరును పరీక్ష చేయించవలెను. వచ్చిన సందేశమును చెరిపివేయక సాక్ష్యముగా దాచవలెను. ఇంగ్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండులలో నున్నవారు యాక్షన్ ఫ్రాడ్ స్థానమున వచ్చిన రిపోర్ట్ ఫ్రాడ్‌కు 0300 123 2040 నంబరున తెలుపవలెను. స్కాట్లండులో నున్నవారు 101 నంబరున పోలీసులకు తెలుపవలెను. మన ద్వీపములో నున్నవారు 2018 లో ఏర్పడిన మాకార్స్ అను ఇంటర్నెట్టు ఫిర్యాదు విధానము ద్వారా తెలుపవచ్చును.

సొమ్ము తిరిగి వచ్చునా? బ్రిటనులో 2024 అక్టోబరు 7 వ తేదీనుండి ఒక మంచి నిబంధన అమలులోనికి వచ్చినది. మోసగాని మాట నమ్మి బ్రిటనులోనే ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు సొమ్ము పంపినవారికి, 85,000 పౌనుల వరకు బ్యాంకులు తిరిగి చెల్లింపవలెను. పంపిన బ్యాంకు, పుచ్చుకొన్న బ్యాంకు ఆ భారమును చెరిసగము మోయును. ఫిర్యాదునకు గడువు 13 మాసములు. మిక్కిలి అజాగ్రత్తగా నడచుకొన్నట్లు బ్యాంకు నిరూపించినచో నిరాకరింపవచ్చును గాని, సామాన్యమైన పొరపాటు అట్టిది కాదు. ఈ నిబంధన విదేశములకు పంపిన సొమ్మునకు గాని, గిఫ్టు కార్డులకు గాని, క్రిప్టో నాణెములకు గాని వర్తింపదు. దొంగలు ఆ దారులనే కోరుటకు ఇదియు నొక కారణము.

ఇంకొక హెచ్చరిక. సొమ్ము పోగొట్టుకొన్న కొన్ని వారములకు, “మీ సొమ్ము దొరికినది, తిరిగి ఇప్పించుటకు కొంత రుసుము చెల్లింపుడు” అని వేరొకడు వచ్చును. వాడు ఆ ముఠావాడే, లేదా వారివద్ద మీ పేరు కొనుక్కొన్నవాడు. పుండు మీద కారము చల్లించుకొనరాదు.

ఇంటిలో చేసికొనవలసిన ఒప్పందము

ఈ మోసమునకు అసలైన బలము కంప్యూటరులో లేదు, మన మౌనములో నున్నది. తల్లి కుమారునికి చెప్పుటకు సిగ్గుపడును. కుమారుడు నాలుగు మాటలనునని భయపడును. దొంగకు కావలసినది అంతే. పై ఉదాహరణములోని తల్లి సొమ్ము పంపుటకు ముందు కుమార్తెకు ఒక్క ఫోను చేసి, “అమ్మాయీ, ఎవరో ఇట్లనుచున్నారు, నిజమేనా?” అని యడిగినచో ఆ నాటకము అంతటితో ముగిసియుండును. ఆమె అడుగవలెనన్నచో, కుమార్తె విసుగుకొనదను నమ్మకము ఆమెకు ముందే యుండవలెను.

కనుక వచ్చు ఆదివారము బ్రిటనులోని మీవారితో ఫోనులో మాట్లాడునప్పుడు, క్షేమసమాచారముల తరువాత ఈ సంగతి నెత్తుడు. ఎంత తొందర సందేశము వచ్చినను, ముందు ఇంటిలో నొకరికి చెప్పనిదే ఏమియు చేయకుండ ఒక ఒప్పందము చేసికొనుడు. పిల్లలు పెద్దలకు మాట ఈయవలెను: “అమ్మా, ఏ వేళనైనను అడుగుము. పొరపాటు జరిగినను నిన్నేమియు అనను.” పెద్దలును పిల్లలకు ఆ మాటయే ఈయవలెను. ఏలనగా ఈ వలలో పడుటకు వయస్సుతో పనిలేదు. పరీక్షల తొందరలో నున్న విద్యార్థియు పడును.

పిలువని వైద్యుడు తలుపు తట్టుచునే యుండును. తట్టుటను మనము ఆపలేము. తలుపు తీయుటకు ముందు “నిన్నెవరు పిలిచిరి?” అని అడుగుటయు, లోపలనున్న మనవారిని కేకవేయుటయు మన చేతిలోని పనులు. ఆ రెండును చేసిన ఇంటి సొమ్ము ఇంటిలోనే యుండును.